మూడు మిల్లీమీటర్ల తేడా

మన దేశంలో బ్రాడ్‌గేజి పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగిస్తే 19.3 వస్తుంది. రైలు నమూనాలు చేసేవారిలో ఎక్కువమంది పట్టుకునే హెచ్‌ఓ స్కేలు అంటే ఈ 87వ వంతే. కానీ అంగట్లో దొరికే హెచ్‌ఓ పట్టా వెడల్పు 16.5 మి.మీ. యూరప్, అమెరికాల్లో వాడే 1435 మి.మీ. గేజికి అది సరిగ్గా సరిపోతుంది, మనదానికి చాలదు. దాదాపు మూడు మిల్లీమీటర్లు తక్కువ పడుతుంది. ఇంట్లో బల్ల మీద మన రైలుని నడుపుకోవాలనుకునేవారందరూ మొదటి రోజుల్లోనే ఈ మూడు మిల్లీమీటర్ల దగ్గర ఆగుతారు. కొందరు చూసీ చూడనట్టు దాటిపోతారు. కొందరు ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతారు. రెండు రకాలవారూ నాకు తెలుసు. ఎవరినీ తప్పుపట్టలేను.

దొరికిన పట్టానే వాడదామనేవారి మాట తీసిపారేసేది కాదు. 16.5 మి.మీ. ఎంచుకుంటే పట్టాలు, బండి దారి మార్చే పాయింట్లు, ఇరుసులతో సహా చక్రాలు, మోటారు బిగించిన ఇంజను చాసిస్, అన్నీ తయారుగా దొరుకుతాయి. విదేశీ ఇంజను చాసిస్ మీద మన డబ్ల్యూడీఎం-2 డీజిలు ఇంజను ఒళ్లు కూర్చోబెడితే చిన్నాచితకా సర్దుబాట్లతో బండి కదులుతుంది. 19.3 మి.మీ.కి కట్టుబడినవారు మాత్రం ఒక్కో స్లీపరూ పేర్చి, కొలబద్ద పెట్టి చూసుకుంటూ పట్టా అతికించుకోవాలి, ఇరుసులు విడిగా చేయించుకోవాలి. తిన్నటి పట్టా వేయడం ఓపిక ఉంటే ఎవరికైనా పట్టుబడుతుంది. పాయింటు కట్టడం అలా కాదు. రెండు పట్టాలు ఒకదాన్నొకటి దాటేచోట చక్రం అంచు దూరడానికి వదిలే సందు మిల్లీమీటరులో కొన్ని పదో వంతులు అటూ ఇటూ అయితే చాలు, పెట్టె కిందపడుతుంది. ఇలా మొదలుపెట్టి అయిదారేళ్ల తర్వాత కూడా ఒక పాయింటు, రెండు మీటర్ల పట్టా దగ్గరే ఉన్నవారు ఉన్నారు. వారి పెట్టెలన్నీ అట్టపెట్టెల్లోనే ఉంటాయి. నడవని రైలు ఎంత సరైన కొలతలో ఉన్నా, నడపాలని మొదలుపెట్టినవారికి అదొక వెలితే.

అయినా రెండో పక్షంవారు పట్టుబట్టడం వెనుక మొండితనం ఒక్కటే లేదు. ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ పాత తరహా పెట్టె, అంటే ఐసీఎఫ్ పెట్టె, వెడల్పు 3.245 మీటర్లు, అంటే పట్టాల మధ్య దూరానికి 1.94 రెట్లు. అదే పెట్టెని 37.3 మి.మీ. వెడల్పుతో కచ్చితంగా చేసి 16.5 మి.మీ. పట్టా మీద నిలబెడితే ఆ లెక్క 2.26 రెట్లవుతుంది. పక్కనుంచి చూస్తే ఇది తెలియదు. పట్టాల చివర కూర్చుని బండి ఎదురుగా వస్తుంటే చూడండి, పెద్ద ఒంటికి సన్నటి కాళ్లు పెట్టినట్టుంటుంది. కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డ మనిషిలా కనిపించడమే మన బ్రాడ్‌గేజి బండి అందం. ఆ నిలకడ పోయాక రంగులు, నంబర్లు ఎంత శ్రద్ధగా వేసినా అది మన బండిలా అనిపించదని వారంటే కాదనడం కష్టం.

కాకపోతే ఒక కొలత దిద్దడం మొదలుపెడితే అది ఒకదానితో ఆగదు. మన ప్రధాన మార్గాల్లో వేసే, మీటరుకి 60 కిలోల పట్టా ఎత్తు 172 మి.మీ. స్కేలులో రెండు మిల్లీమీటర్లు కూడా రాదు. అంగట్లో బాగా అమ్ముడుపోయే కోడ్ 100 పట్టా ఎత్తు 2.54 మి.మీ. అసలు కొలతకి మారిస్తే 22 సెంటీమీటర్లు. కోడ్ 75 వాడితే ఈ తప్పు చాలావరకు పోతుంది. తర్వాత చక్రం వంతు. పట్టా లోపలివైపు దిగే చక్రం అంచు అసలు రైలుకి 28.5 మి.మీ. లోతు ఉంటుంది, అంటే స్కేలులో మిల్లీమీటరులో మూడో వంతు. తయారుగా దొరికే చక్రాల అంచు దానికి దాదాపు రెండింతలు. ఆ అదనపు లోతు ఉత్తి అజాగ్రత్త వల్ల రాలేదు. చెక్క బల్ల మీద వేసిన పట్టా ఎంత చూసుకున్నా కొద్దిగా ఎగుడుదిగుడుగానే ఉంటుంది. ఆ లోతు ఉండబట్టే బండి పట్టా మీద నిలుస్తోంది. అంచు సన్నం చేయాలంటే బల్ల, పట్టా, స్ప్రింగులు అన్నీ ఆ స్థాయిలో ఉండాలి.

ఈ తగవు బ్రిటన్‌లో మనకంటే చాలా ముందే నడిచింది. 1920ల్లో దొరికే మోటార్లు చిన్నపాటి బ్రిటిష్ ఇంజన్లలో పట్టక, బండి ఒంటిని 76వ వంతుకి పెంచి పట్టాని మాత్రం 16.5 మి.మీ. దగ్గరే ఉంచేశారు. ఓఓ స్కేలు అలా పుట్టింది. అప్పటికి అదొక తాత్కాలిక సర్దుబాటు. తర్వాత మోటార్లు చిన్నవయ్యాయి కానీ సర్దుబాటు పోలేదు. దుకాణాలు, కారఖానాలు, కొన్నవారి ఇళ్లలోని పట్టాలు, అన్నీ దానికే కట్టుబడిపోయాయి. ఓపిక లేనివారు అలాగే సాగిపోగా, కొందరు 18.2 మి.మీ.కి మారారు. 1960ల ద్వితీయార్ధంలో మరికొందరు 18.83 మి.మీ. దగ్గర ప్రోటోఫోర్ ప్రమాణాలు రాసుకున్నారు. ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా ఎక్కువమంది ఓఓలోనే ఉన్నారు. దీన్ని ఎలా చదువుకోవాలన్నది మన మొగ్గుని బట్టి ఉంటుంది. రాజీ ఒకసారి అంగడికెక్కితే దిగదని ఒకరంటారు. ఆ రాజీ వల్లనే మామూలు ఇళ్లలోని పిల్లల చేతికి రైలు అందిందని ఇంకొకరంటారు. నాకు రెండూ నిజమే అనిపిస్తాయి. మన పరిస్థితిలో ఒక తేడా ఉంది. బ్రిటిష్‌వారికి తగ్గింది అసలు కొలతలో సుమారు 18 సెంటీమీటర్లు, మనకి 24. మన తప్పు వారిదానికంటే పెద్దది. మరోవైపు, మన బండ్లకి పెద్ద ఎత్తున సరుకు చేసే అంగడి ఇంకా స్థిరపడలేదు కనుక దారి మార్చుకునే వెసులుబాటు కూడా మనకే ఎక్కువ.

మా ఇంట్లో జరిగిన ఒక సంగతి చెబుతాను. పొరుగున ఒక రిటైర్డ్ గార్డుగారు ఉన్నారు. ఎనిమిది ఐసీఎఫ్ పెట్టెల ప్యాసింజరు తయారుచేసి, 16.5 పట్టా మీద పెట్టి, ఆయన్ని పిలిచాను. గేజి గురించి ఏమంటారోనని నాకు లోపల బెరుకు. ఆయన కళ్లద్దాలు సర్దుకుని ఇంజను నుంచి చివరి పెట్టె దాకా నెమ్మదిగా చూసుకుంటూ వెళ్లారు. చివర ఆగి, "ఎల్‌వీ బోర్డు లేదేమండీ?" అన్నారు. ఎల్‌వీ అంటే లాస్ట్ వెహికల్, చివరి పెట్టె. నేను సమాధానం వెతుక్కుంటుంటే, "అది కనపడకపోతే బండి మొత్తం వచ్చిందని స్టేషన్ మాస్టరు ఎలా అనుకుంటాడు? పెట్టెలు మధ్యలో తెగిపోయి వెనకే ఉండిపోయాయేమో! వెనక బండికి లైన్ ఇవ్వడు" అన్నారు. పట్టా వెడల్పు మాటే ఎత్తలేదు. ఆ రాత్రి పసుపు కాగితం మీద నల్లని అక్షరాలు రాసి, అయిదు మిల్లీమీటర్ల ముక్క కత్తిరించి చివరి పెట్టెకి అతికించాను.

ఆ సంఘటన నుంచి గేజి తేడా ఎవరికీ కనపడదని తేల్చేస్తే తొందరపాటవుతుంది. ఆయన చూసింది పక్కనుంచి. పైగా ముప్ఫై ఏళ్లు చివరి పెట్టెలో కూర్చున్న మనిషి కన్ను మొదట అక్కడికే వెళ్లడం సహజం. లోకో పైలట్‌ని పిలిచి ఉంటే బండి ముఖమే చూసేవాడేమో, అప్పుడు సన్నటి కాళ్లు బయటపడేవేమో. నాకు తెలిసొచ్చింది ఇంకొకటి. మిల్లీమీటర్ల సత్యంతో పాటు పని తీరుకి సంబంధించిన సత్యం కూడా ఉంటుందని, రెండోదానికి ఖర్చు దాదాపు ఉండదని.

వంపుల దగ్గరికి వస్తే కచ్చితత్వం కోరేవారు కూడా రాజీ పడక తప్పదు. మన బ్రాడ్‌గేజి మీద అనుమతించే అతి బిగుతైన వంపు 10 డిగ్రీలు, అంటే 175 మీటర్ల వ్యాసార్ధం. స్కేలులో అది రెండు మీటర్లు. పూర్తి చుట్టు తిప్పాలంటే నాలుగు మీటర్ల వెడల్పు కావాలి, పది అడుగుల గదిలో పట్టదు. దుకాణాల్లో దొరికే 18 అంగుళాల వ్యాసార్ధపు వంపు అసలు కొలతలో 40 మీటర్లు. మన పెద్ద లైను బండి అలాంటి వంపులో తిరగలేదు. కొత్త తరహా ఎల్‌హెచ్‌బీ పెట్టెలు 24, ఇంజను కలిసి స్కేలులో దాదాపు ఏడు మీటర్ల బండి. అందుకే ఎనిమిదో పదో పెట్టెలతో సరిపెట్టుకుంటాం. జర్మన్ కంపెనీలు ఒకప్పుడు ఇంకో దారి పట్టాయి. 26.4 మీటర్ల పెట్టె అసలు స్కేలులో 303 మి.మీ. రావాలి. వెడల్పు, ఎత్తు అలాగే ఉంచి, పొడవు మాత్రం 282 మి.మీ.కో 264 మి.మీ.కో కుదించి అమ్మేవి. ఇరుకు ఇళ్లలో బండి తిరిగింది. కానీ కిటికీల వరుస దగ్గరకి నొక్కుకుపోయింది. పెట్టెలు తగ్గించడం కంటే పెట్టెని కుదించడం చెడ్డదని నా అభిప్రాయం, గట్టిగా వాదించను. పెట్టెలు తగ్గిస్తే ఆదివారం నాటి చిన్న ప్యాసింజరు అనుకోవచ్చు. కుదించిన పెట్టె మాత్రం ఏ యార్డులోనూ లేనిది.

ఒక్క పెట్టె దగ్గరే కాసేపు కూర్చుందాం. నాన్ ఏసీ స్లీపరు పెట్టె. బఫరు నుంచి బఫరుకి 22.297 మీటర్లు, స్కేలులో 256 మి.మీ. అర మిల్లీమీటరు మందం ప్లాస్టిక్ షీటు మీద పక్కగోడ గీసి కిటికీలు కోయడానికి నాకు మూడు సాయంత్రాలు పట్టింది. అసలు చిక్కు కిటికీ ఊచలది. చిన్నప్పుడు ఆ అడ్డ ఊచలకి ముక్కు ఆనించి పొలాలు చూడని వారు మనలో తక్కువ. ఊచ 12 మి.మీ. లావు అనుకుంటే స్కేలులో 0.14 మి.మీ., వెంట్రుక కంటే కాస్త లావు. ఇత్తడి తీగతో ఒక్కో కిటికీకీ పెడితే అద్భుతంగా ఉంటుంది, ఒక్కసారి బండిని పక్కనుంచి పట్టుకుని ఎత్తితే సగం ఊచలు లోపలికి నొక్కుకుపోతాయి. పారదర్శక షీటు మీద గీతలు అచ్చువేసి లోపలినుంచి అతికిస్తే పదేళ్లు ఉంటుంది, అయితే వెలుతురు పడినప్పుడు ఊచల మధ్య అద్దం మెరిసి పెట్టె ఏసీ పెట్టెలా కనిపిస్తుంది. నేను రెండూ చేశాను. తీగ ఊచల పెట్టె అలమరలో ఉంది, అచ్చు ఊచల పెట్టెలు పట్టాల మీద తిరుగుతున్నాయి. రెండూ ఒకే పెట్టెలో కుదిరితే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

బరువు సంగతి కూడా ఇలాంటిదే. 1935లో మొదలైన అమెరికా నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ సూచన ప్రకారం హెచ్‌ఓ పెట్టెకి ఒక ఔన్సు, ఆపైన పొడవులో ప్రతి అంగుళానికీ అర ఔన్సు బరువుండాలి. మన 256 మి.మీ. పెట్టెకి అది సుమారు 170 గ్రాములు. తేలికైతే వంపులో పట్టా తప్పుతుంది. సరిపడా బరువు పెడితే ఎనిమిది పెట్టెలు లాగలేక ఇంజను చక్రాలు జారతాయి. ఇక పెట్టె కింద అమర్చే చక్రాల బోగీ. పెట్టెనే బోగీ అనడం మనకి అలవాటు కానీ, రైల్వే వారి మాటల్లో బోగీ అంటే పెట్టెని మోసే ఆ నాలుగు చక్రాల బండి. బ్రేకు కడ్డీలు, స్ప్రింగులు అన్నీ అక్కడే. కింద ఎవరు చూస్తారని వదిలేసేవారున్నారు. పక్కనుంచి కళ్లకి సమానమైన ఎత్తులో చూసేవారికి పెట్టె కంటే ముందు అదే కనిపిస్తుంది.

త్రీడీ ప్రింటర్లు ఇళ్లలోకి వచ్చాక ఈ శ్రమ చాలా తగ్గింది. ఒకరు గీసిన డబ్ల్యూఏపీ-7 ఇంజను బొమ్మ పదిమంది ఇళ్లలో అచ్చవుతోంది. దిగుమతి సుంకాలు కట్టే స్తోమత లేనివారికి, చేతులు వణికే పెద్దవారికి ఇది నిజమైన మేలు. దాని వెంట ఎవరూ కోరుకోని ఫలితం కూడా ఒకటి వచ్చింది. మొదట గీసినవారు ఫోటో చూసి అంచనాగా వేసిన ఒక కొలత తప్పయితే, ఆ తప్పు పదిళ్లలోనూ పదిలంగా నిలుస్తుంది. కొన్నాళ్లకి అదే ప్రమాణం అనిపిస్తుంది. చేత్తో కోసేవాడు కొలత కోసం ఒకసారైనా ప్లాట్‌ఫారం దాకా వెళ్తాడు. ప్రింటు తీసుకునేవారికి ఆ అవసరం కనపడదు. అంతమాత్రాన ప్రింటింగ్ వద్దనలేం. ఆ మొదటి బొమ్మ గీసేవారి మీద బాధ్యత పెరిగిందని మాత్రం అనాలి. మన మే నెల ఎండల్లో పలచటి రెజిన్ గోడలు వంకర తిరుగుతాయని కూడా గుర్తుంచుకోవాలి.

గేజి తగవు నుంచి తప్పించుకునే దారి ఒకటి మన ప్రాంతంలోనే ఉంది. మీటరుగేజి స్కేలులో 11.5 మి.మీ. స్విట్జర్లాండులోని రేషియన్ రైల్వే నమూనాల కోసం దొరికే హెచ్‌ఓఎం పట్టా 12 మి.మీ. తేడా అర మిల్లీమీటరే. మీటరుగేజి మీద 16 డిగ్రీల వంపు దాకా అనుమతి ఉంది కనుక, స్కేలులో 1.25 మీటర్ల వ్యాసార్ధం చాలు. బండ్లూ పొట్టివే. సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్ మీదుగా మన్మాడ్, కాచిగూడ నుంచి ద్రోణాచలం, గుంటూరు నుంచి నంద్యాల మీదుగా గుంతకల్లు, ఇవన్నీ ఒకప్పుడు మీటరుగేజి మార్గాలే. వైపీ ఆవిరి ఇంజను, వైడీఎం-4 డీజిలు తెలిసిన తరం ఇంకా మనమధ్య ఉంది. ఇంత అనుకూలత ఉన్నా ఆ దారిన వెళ్లేవారు తక్కువ. 12 మి.మీ. చాసిస్‌లు దొరకడం అరుదు, దొరికినా ఖరీదు. అంతకంటే పెద్ద ఇబ్బంది, కొలుచుకోవడానికి బండ్లు లేవు. 1992లో మొదలైన యూనిగేజ్ పథకం ఆ మార్గాలన్నిటినీ బ్రాడ్‌గేజి చేసింది. ప్రయాణికులకి అది మేలే, అందులో సందేహం లేదు. నమూనా చేసేవాడికి మిగిలినవి ఒకటి రెండు ఫోటోలు, ఎవరి జ్ఞాపకాలు వారివి.

పోయేవాటిని ముందే కొలిచి దాచుకున్నవారూ లేకపోలేదు. ఇంగ్లాండులో లాంగ్ విటెన్‌హామ్ అనే ఊళ్లో పెండన్ మ్యూజియం ఉంది. 1925లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన రాయ్ ఇంగ్లాండ్ అనే ఆయన, కళ్లముందే మారిపోతున్న పల్లెల్ని చూసి, ఒక్కో ఇంటినీ కొలిచి అట్టతో కట్టడం మొదలుపెట్టాడు. 1954లో మొదలైన ఆ మ్యూజియంలో ఆ పని ఆయన తర్వాత కూడా సాగుతోంది. అదే కప్పు కింద జాన్ అహెర్న్ కట్టిన మ్యాడర్ వ్యాలీ కూడా ఉంది. ఆ లోయ పూర్తిగా కల్పితం, అక్కడి బండ్లు నడవడానికి పుట్టినవి. ఒకటి కొలతకి కట్టుబడింది, ఒకటి ఊహకి. ఒకదాన్ని చూసి రెండోది దండగ అనిపించదు. ఇంకో విషయం గమనించాను. మ్యాడర్ వ్యాలీ లాంటి లోయని ఇవాళైనా ఊహించి కట్టొచ్చు. రాయ్ ఇంగ్లాండ్ అప్పుడు కొలవకుండా వదిలేసి ఉంటే ఆ పల్లెల్ని ఇవాళ అలా కట్టడం కుదరదు.

అక్కణ్ణుంచే నాకొక దారి దొరికింది. అది అందరికీ సరిపడుతుందని అనను. రాజీల్లో తర్వాత దిద్దుకోగలవి కొన్ని, దిద్దుకోలేనివి కొన్ని. పట్టా వెడల్పు మొదటి రకం. ఇరుసులు ఊడదీసి మార్చుకునే వీలుగా, పక్క చట్రాలు అసలు వెడల్పులో ఉండేలా చక్రాల బోగీ చేసుకుంటే, 16.5 మీద ఇవాళ నడిపిన పెట్టెని పదేళ్ల తర్వాత 19.3కి మార్చుకోవచ్చు. అలా చేస్తే ఎదురుగా చూసినప్పుడు కూడా సన్నటి కాళ్లు కొంత మరుగున పడతాయి. పట్టాల చివర చూపరులు నిలబడే చోట ఒక సొరంగమో పైవంతెనో పెట్టినా సరే. కొత్తవల్స నుంచి అరకు మీదుగా కిరండూల్ వెళ్లే లైనుని ఎంచుకుంటే బిగుతు వంపులన్నీ సొరంగాల్లోకి పోతాయి. ఓపిక ఉన్నవారు ఒక మీటరు పొడవున సరైన గేజిలో తిన్నటి పట్టా వేసుకుని, మంచి పెట్టెల్ని దానిమీద నిలబెట్టి చూసుకోవచ్చు. పెద్ద హాలు, పదేళ్ల తీరిక ఉన్నవారు మొదటి నుంచే 19.3తో వెళ్లడంలో తప్పులేదు, నిజానికి అలాంటివారు కొందరైనా ఉండాలి. పిల్లలున్న ఇంట్లో మొదటి లేఅవుట్ అయితే మాత్రం దొరికే పట్టాతోనే మొదలుపెట్టమంటాను.

పెట్టె ఒంటి కొలత రెండో రకం. దాన్ని అంచనాతో చేసి, అసలు పెట్టె పోయాక దిద్దుదామంటే కుదరదు. 1955 అక్టోబరు 2న పెరంబూరులో మొదలైన ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ, స్విస్ నమూనా మీద చేస్తూ వచ్చిన ఆ పాత తరహా పెట్టెల తయారీని 2018 జనవరిలో ఆపేసింది. వాటి స్థానంలోకి ఎల్‌హెచ్‌బీ పెట్టెలు వస్తున్నాయి. మీటరుగేజి బండ్ల విషయంలో ఆలస్యం అయిపోయింది. ఈ పెట్టెల విషయంలో ఇంకా కాలేదు. మీ ఊరి స్టేషన్‌లో నీలం రంగు ఐసీఎఫ్ పెట్టె ఆగినప్పుడు ప్లాట్‌ఫారం మీద నుంచే కిటికీకి కిటికీకి మధ్య దూరం, ఊచల లెక్క, తలుపు పక్క పట్టుకునే కడ్డీ ఎత్తు ఒక కాగితం మీద రాసుకోండి.